పాత మానిటర్‌కి డీవీడీ ప్లేయర్ కలపాలని గవర్నర్‌పేట వెళ్ళేవాళ్ళు ముందు ఇది చదవండి

రాత్రి పదకొండు దాటింది. నిద్ర పట్టక రాస్తున్నాను. నాలుగు రోజుల్లో 1,800 రూపాయలు పోయాయి. అది పోతే పోయింది, మా నాన్నని పట్టుకుని ఆ షాపాయన అన్న మాట మాత్రం గొంతు దిగట్లేదు.

షాపు పేరు రాయను. గవర్నర్‌పేటలో కేబుళ్ళు తోరణాల్లా వేలాడదీసి ఉంటాయే, అక్కడ. బెజవాడలో కంప్యూటర్ సామాను కొనేవాళ్ళకి చెప్పక్కర్లేదు.

విషయం చిన్నదే. ఆదివారం మా తాతయ్య ఆబ్దికం. 2007లో మా అక్క పెళ్ళి డీవీడీలో తాతయ్య ఉన్నాడు. పందిట్లో వడ్డించేవాళ్ళ వెంట తిరుగుతూ "అప్పడాలు వేడిగా వెయ్యండయ్యా" అని కేకలేస్తుంటాడు. నాయనమ్మకి ఆ కేక వినాలని ఉంది. టీవీ ఏమో కింది అంతస్తు హాల్లో గోడకి బిగించి ఉంది. మోకాళ్ళ నొప్పులతో ఆవిడ మెట్లు దిగలేదు. అటక మీద పాత 17 అంగుళాల మానిటర్ ఉంది, డీవీడీ ప్లేయర్ ఉంది. రెండూ కలిపి ఆవిడ గదిలో పెడదాం అనుకున్నాం.

నాకు ఆఫీసు ఉండటంతో గురువారం నాన్న ఒక్కరే వెళ్ళారు. నేను వెళ్ళి ఉండాల్సింది, ఆ తప్పు నాదే. కానీ నాన్న ఒట్టి చేతులతో వెళ్ళలేదు. ప్లేయర్ వెనక భాగం, మానిటర్ వెనక భాగం రెండూ ఫోన్‌లో ఫొటోలు తీసుకెళ్ళి చూపించారు. అంటే ఏది దేనికి కలపాలో ఆ షాపాయన కళ్ళారా చూశాడు. చూసి, ఒక వైపు కంప్యూటర్ మానిటర్‌కి తగిలించే పదిహేను పిన్నుల వీజీఏ, రెండో వైపు ఎరుపు, ఆకుపచ్చ, నీలం పిన్నులు ఉన్న కేబుల్ చేతిలో పెట్టాడు. 450 రూపాయలు. "పెట్టగానే బొమ్మ వచ్చేస్తుంది" అన్నాడట.

రాలేదు. "నో సిగ్నల్" అనే చిన్న డబ్బా తెర మీద ఒక మూల నుంచి ఇంకో మూలకి తిరిగింది. కాసేపటికి మానిటర్ దీపం ఆకుపచ్చ నుంచి పసుపులోకి మారి తెర చీకటైపోయింది. నాయనమ్మ మంచం మీద కూర్చుని చూస్తూనే ఉంది.

శుక్రవారం నాన్న మళ్ళీ వెళ్తే కేబుల్ వెనక్కి తీసుకోలేదు. "దీనికి కన్వర్టర్ ఉండాలి, అది తీసుకెళ్ళండి" అని 1,350కి ఒక నల్ల డబ్బా అంటగట్టాడు. మొదటి రోజు ఎందుకు చెప్పలేదో అడగడానికి నాన్నకి మొహమాటం. శనివారం రాత్రి ఒంటిగంట దాకా కూర్చున్నాను. డబ్బా మీద ఎర్ర లైటు వెలుగుతోంది, బొమ్మ లేదు. మా మానిటరే పాడైందేమో అనుకుని దాన్ని తిట్టుకున్నాను.

ఆదివారం భోజనాలయ్యాక మా బాబాయి ఆ డబ్బా చేతిలోకి తీసుకున్నాడు. వన్‌టౌన్‌లో పాతికేళ్ళు టీవీలు రిపేరు చేసిన మనిషి. అటూ ఇటూ తిప్పి, ధర స్టిక్కర్ అంచుని గోటితో లేపాడు. స్టిక్కర్ సగం చిరిగి సగం లేచింది. దాని కింద, మేము మానిటర్ తగిలించిన సాకెట్ పక్కన, తెల్ల అక్షరాలతో "వీజీఏ ఇన్" అని ఉంది. ఇంకో పక్క పసుపు సాకెట్ దగ్గర "వీడియో అవుట్".

"ఇది కంప్యూటర్ బొమ్మని టీవీలోకి పంపే డబ్బా అమ్మా. నీకు కావాల్సింది దీనికి సరిగ్గా తిరగేసింది" అన్నాడు బాబాయి.

రెండు రకాల డబ్బాలూ చూడటానికి ఒకేలా ఉంటాయట. అవే సాకెట్లు, అదే రంగు. ఎటు నుంచి ఎటు పోతుందో చెప్పేది ఆ రెండు మాటలే. ఆ మాట మీదే ధర స్టిక్కర్ పడింది. కావాలని అతికించాడో లేదో నేను చూడలేదు కాబట్టి ఆ మాట అనను. కానీ రోజూ అవే అమ్మే మనిషికి తన చేతిలో ఉన్నది ఏ డబ్బానో తెలియదంటే నేను నమ్మను.

కేబుల్ సంగతి కూడా బాబాయే చెప్పాడు. ఆ కేబుల్ నకిలీది కాదు. ప్లేయర్ ఎరుపు, ఆకుపచ్చ, నీలం సాకెట్లలోంచి వచ్చేదాన్ని కాంపొనెంట్ సిగ్నల్ అంటారు. వీజీఏ సాకెట్‌లోంచే దాన్ని తీసుకునే ప్రొజెక్టర్లు కొన్ని ఉన్నాయి, వాటికి పనికొస్తుంది. మామూలు కంప్యూటర్ మానిటర్‌కి ఎరుపు, ఆకుపచ్చ, నీలం విడివిడిగా రావాలి, తెర మీద బొమ్మ, అందులో ఒక్కో గీత ఎక్కడ మొదలవ్వాలో చెప్పే సింక్ సిగ్నళ్ళు రెండు వేరే వైర్లలో రావాలి. ప్లేయర్ ఆ మూడు సాకెట్లలోంచి పంపేది రంగులు కాదు. ఆకుపచ్చ దాంట్లో వెలుతురు, సింక్ కలిసి వస్తాయి, మిగతా రెండిట్లో రంగుల తేడాలు వస్తాయి. పైగా వేగం కూడా కలవదు. మన దేశపు టీవీలు వాడే పాల్ పద్ధతిలో బొమ్మకి 625 గీతలు, సెకనుకి 25 బొమ్మలు, అంటే సెకనుకి 15,625 గీతలు. కంప్యూటర్ మానిటర్ అతి తక్కువలో తక్కువ అడిగేదే దాదాపు 31,500. లోపల చిప్పు ఉండి, బయటి నుంచి కరెంటు తీసుకునే కన్వర్టర్ అయితేనే ఆ పని చేస్తుంది, ఉత్త వైరు చేయలేదు. ఇదంతా నాన్నకి తెలియకపోవచ్చు. అమ్మేవాడికి తెలియాలి. తెలియదనుకుంటే "నాకు తెలియదండీ" అంటే సరిపోయేది, మేము ఇంకో షాపుకి వెళ్ళేవాళ్ళం.

ఈరోజు సెలవు పెట్టి నాన్నతో నేనూ వెళ్ళాను. నాన్న చాలా మర్యాదగా, "బాబూ, ఇది తిరగేసిన డబ్బా అట, సరైనది ఇస్తే తేడా డబ్బులు ఇస్తాను" అన్నారు. తేడా కూడా తనే ఇస్తానన్నారు! షాపాయన ఫోన్‌లోంచి తల ఎత్తలేదు. "ప్యాకింగ్ చింపేశారు, తీసుకోం" అన్నాడు. ప్యాకింగ్ చింపకుండా ఎలా పెట్టి చూడాలని నేను అడిగాను. అప్పుడు తల ఎత్తి, నన్ను కాదు, నాన్నని చూసి అన్నాడు: "పెద్దాయనా, ఆ డొక్కు మానిటర్ పాత ఇనప సామాను వాడికి వేసెయ్యండి. మీకు కనెక్షన్ ఇవ్వడం చేతకాకపోతే నా ప్రాణం తియ్యకండి."

షాపులో ఇంకో నలుగురున్నారు. కుర్రాడొకడు నవ్వాడు. నాన్న ఏమీ అనలేదు. డబ్బాని గుడ్డ సంచిలో పెట్టుకుని, సంచి మూతి రెండు సార్లు మడిచి, చంకలో పెట్టుకుని మెట్లు దిగారు. ఇంటికొచ్చేదాకా ఒక్క మాట మాట్లాడలేదు. ముప్ఫై ఏళ్ళు ఉద్యోగం చేసి ఎవరి చేతా మాట పడని మనిషి.

నేను అక్కడే గట్టిగా అడగాల్సింది. నోరు పెగల్లేదు.

మాకిచ్చిన బిల్లు తెల్ల చీటీ. "ఐటమ్ 1 – 1,350" అని రాసి, కింద "అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు" అని రబ్బరు స్టాంపు. షాపు పేరు లేదు, జీఎస్టీ నంబరు లేదు. ఇంటికొచ్చాక 1915 కి ఫోన్ చేశాను. అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్, తెలుగులోనే మాట్లాడొచ్చు. 2019 వినియోగదారుల చట్టం ప్రకారం పద్ధతి ప్రకారం బిల్లు ఇవ్వకపోవడం కూడా అక్రమ వ్యాపార పద్ధతే. జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్ళినా 5 లక్షల లోపు కొన్నవాటికి ఫీజు లేదు. 1,800 కోసం అంత దూరం ఎందుకని నాన్న అంటున్నారు. నేను వెళ్తాను.

మీరు కొనేటప్పుడు చూడాల్సింది ఒకటే. మానిటర్ తగిలించే సాకెట్ దగ్గర "వీజీఏ అవుట్" అని, ప్లేయర్ పసుపు వైరు పెట్టే చోట "వీడియో ఇన్" అని ఉండాలి. స్టిక్కర్ ఉంటే అక్కడే పీకించండి. మానిటర్‌లో స్పీకర్లు లేకపోతే ప్లేయర్‌లోంచి శబ్దం తెచ్చే ఎరుపు, తెలుపు వైర్లకి విడిగా స్పీకర్లు కావాలి, ఆ సంగతి కూడా మాకెవరూ చెప్పలేదు. వీలైతే మానిటర్, ప్లేయర్ రెండూ షాపుకి తీసుకెళ్ళి, బొమ్మ వచ్చాకే డబ్బులివ్వండి. రేపు పొద్దున బాబాయితో కలిసి ఏలూరు రోడ్డు వైపు ఇంకో షాపుకి వెళ్తున్నాం. మానిటర్‌ని పాత దుప్పట్లో చుట్టి గుమ్మం దగ్గర పెట్టాం. డీవీడీ నాయనమ్మ తలగడ కిందే ఉంది.