లాడ్జిలో ధనజాతకం, శుక్రుడి రాయి: నల్గొండ, పాలమూరు వాళ్లు జాగ్రత్త

నల్గొండలో లాడ్జి గది తీసుకుని 'ధనయోగ క్యాంపు' పెట్టిన ఒకాయన దగ్గర మా చిన్నాయన 999 రూపాయలకు జాతకం రిపోర్టు, 18,500కు ఒక రాయి కొన్నాడు. రెండూ దండగే. ఆ క్యాంపు ఇప్పుడు మిర్యాలగూడకు, తర్వాత మహబూబ్‌నగర్‌కు వస్తోందని వాట్సాప్‌లో కరపత్రం తిరుగుతోంది, అందుకే రాస్తున్నా.

చిన్నాయనకు కనగల్ వైపు బత్తాయి తోట ఉంది. ఈసారి కాయకు రేటు రాలేదు, అప్పు మిత్తి నెత్తిమీద కూర్చుంది. అంత టెన్షన్‌లో ఉన్న మనిషికి "మీ డబ్బు ఎక్కడ ఆగిందో గ్రహాలు చెప్తాయి" అంటే వినక ఏం చేస్తాడు?

రిపోర్టుకు రంగుల అట్ట, మీద లక్ష్మీదేవి బొమ్మ. మొదటి పేజీలోనే "మీది మీన రాశి" అని ఉంది. ఆయనది అనురాధ నక్షత్రం, వృశ్చిక రాశి. మీనం ఎక్కడిదంటే, పుట్టింది మార్చి మొదటి వారం. ఇంగ్లిష్ పేపర్లలో తేదీని బట్టి వేసే రాశిఫలాల్లో ఆ తేదీకి మీనమే వస్తుంది. మన లెక్కలో పుట్టినప్పుడు చంద్రుడున్న రాశే జన్మరాశి. పుట్టిన టైమ్, ఊరు అన్నీ అడిగి రాసుకున్నారు గానీ వాడింది తేదీ ఒక్కటే.

తర్వాతి పేజీ ఇంకా ఘోరం. "మీ ధనాధిపతి శుక్రుడు బలహీనంగా ఉన్నాడు" అట. ధనాధిపతి అంటే లగ్నం (పుట్టిన టైమ్‌లో తూర్పున ఉదయించే రాశి) నుంచి రెండో ఇంటికి అధిపతి. చిన్నాయనది కర్కాటక లగ్నం. దానికి రెండో ఇల్లు సింహం, అధిపతి రవి. శుక్రుడు ధనాధిపతి అయ్యేది మేష, కన్యా లగ్నాలకే. పాశ్చాత్య పద్ధతిలో రెండో ఇంటిని డబ్బుకు, మనిషి సొంత విలువలకు స్థానమంటారు, దానికి వృషభాన్ని, శుక్రుణ్ణి జోడిస్తారు. వాళ్ల పద్ధతి వాళ్లది, దాన్ని నేను తప్పుపట్టను. మన దగ్గర రెండో స్థానమంటే ధనం, కుటుంబం, వాక్కు, లగ్నాన్ని బట్టి అధిపతి మారతాడు. ఆ పాశ్చాత్య సరుకును తెలుగులోకి దింపి, పైన లక్ష్మీదేవిని అతికించి అమ్ముతున్నారు. మా ఊరి అయ్యగారు చూసి, "కర్కాటకానికి శుక్రుడు బాధకాధిపతి, అంటే అడ్డంకులు తెచ్చేవాడు కదయ్యా, ఆయన్ను బలపరచడానికి రాయి కట్టించుకున్నావా?" అని తల పట్టుకున్నారు.

"మీరు డబ్బు కన్నా మనుషులకు విలువిస్తారు, మీ మంచితనాన్ని అయినవాళ్లే వాడుకుంటున్నారు" అన్న వాక్యం దగ్గరే చిన్నాయన పడిపోయాడు. ఇది తన గురించే అనుకోని మనిషి ఎవరుంటారు? పక్క తోట రైతు కూడా ఆ క్యాంపుకు పోయి వచ్చాడు. రెండు రిపోర్టులూ పక్కపక్కన పెట్టి చూస్తే ఆ పేజీ అక్షరం పొల్లుపోకుండా ఒకటే.

ఇక రాయి. శుక్రుడి రాయి వజ్రం, దానికి బదులు 'సహజ జిర్కాన్' అని ఇచ్చారు. మాకు తెలిసిన అవుసలి దాన్ని ఉంగరంలోంచి తీయించి, భూతద్దంలో పైనుంచి చూడమన్నాడు. అసలు జిర్కాన్‌లో అయితే అడుగు వైపు సాన అంచులు ఒక్కొక్కటి రెండేసి గీతలుగా కనిపిస్తాయట. ఇందులో ఒక్కో అంచుకు ఒక్కటే గీత, శుభ్రంగా. హైదరాబాద్‌లో ల్యాబ్‌కు పంపితే క్యూబిక్ జిర్కోనియా అని తేలింది, అంటే ఫ్యాన్సీ షాపుల్లో కమ్మలకు పొదిగే అమెరికన్ డైమండ్. వాళ్లు కవర్లో పెట్టిచ్చిన సర్టిఫికెట్ మీద రాయి ఫొటో లేదు, నంబరు లేదు.

40 రోజుల్లో ఫలితం రాకుంటే డబ్బు వాపస్ అన్నారు. గడువు దాటాక ఫోన్ చేస్తే "మీకు నమ్మకం తక్కువ, శుక్రశాంతి హోమం చేయిద్దాం" అని ఇంకో రేటు చెప్పారు. ఇచ్చింది బిల్లు కాదు, 'పూజా సమర్పణ' అని రాసిన రసీదు. అదేమిటని గట్టిగా అడిగితే "సమర్పణకు వాపస్ ఉండదు" అన్నారు. డబ్బు పోయింది కూడా ఎవరిదో సొంత ఖాతాకు.

1915 వినియోగదారుల హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేశాం, జిల్లా వినియోగదారుల కమిషన్‌లో కాగితాలు వేశాం. కొన్న వస్తువు విలువ 5 లక్షల లోపైతే ఫీజు లేదు, రెండేళ్లలోపు వేయాలి. ఆ క్యాంపులో కొన్నవాళ్లు రసీదు, ఫోన్‌పే స్క్రీన్‌షాట్, ల్యాబ్ కాగితం దాచుకోండి. వాపస్ ఇస్తామని వాళ్లు పెట్టిన వాట్సాప్ మెసేజ్ డిలీట్ చేయకండి. మాకు ఇప్పుడు చేతిలో ఉన్న పెద్ద ఆధారం అదే.