విమానానికీ మనకూ మధ్య ఒక గోడ: హ్యాంగర్ ఇల్లు కట్టిన సంస్థ పనితీరుపై సమీక్ష

ఇంటికి ఆనుకుని హ్యాంగర్, అంటే విమానాన్ని నిలిపే షెడ్డు, కట్టించుకుని, మా చిన్న విమానం సెస్నా 172ను అందులోకి తెచ్చి రెండు చలికాలాలు గడిచాయి. కొత్తింట్లో దిగిన వారంలోనే రాసి ఉంటే ఈ సమీక్ష పూర్తిగా పొగడ్తగా ఉండేది. డిజైను మొదలుకొని పునాది, ఉక్కు చట్రం, పైకప్పు, ఇంటి భాగం వరకు అన్నిటినీ ఒకే ఒప్పందం కింద చేసిపెట్టే సంస్థకు పని అప్పగించాం. పెద్ద తలుపును మాత్రం ఆ సంస్థే వేరొక తయారీదారు నుంచి తెప్పించింది. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఏ పనికి ఆ పనిని విడిగా చూస్తే వీళ్లకు వంక పెట్టడం కష్టం; రెండు పనులు కలిసే చోట మాత్రం ఒకసారి అద్భుతంగా, మరోసారి ఏమీ పట్టనట్టుగా వ్యవహరించారు.

కొలతల దగ్గర వాళ్లిచ్చిన సలహా మాకు ఎంతో మేలు చేసింది. సెస్నా 172 రెక్కల వెడల్పు 36 అడుగుల 1 అంగుళం కాబట్టి 40 అడుగుల తలుపు చాలునని నేను లెక్క వేసుకున్నాను. అలాగైతే ఒక్కో పక్క మిగిలేది రెండడుగుల కంటే తక్కువేనని, ఇంజిను ఆపేసి టో బార్ (ముక్కు చక్రానికి తగిలించే కడ్డీ) పట్టుకుని ఒంటరిగా విమానాన్ని వెనక్కి నెట్టేటప్పుడు రెండు రెక్కల కొసలనూ ఒకేసారి చూడటం ఎవరివల్లా కాదని సైటు ఇంజినీరు ఖాళీ స్థలంలో సున్నంతో గీతలు గీసి, నన్ను నడిపించి మరీ చూపించాడు. 44 అడుగులకు అప్పుడే ఒప్పుకున్నాను. హ్యాంగర్‌ను 50కి 40 అడుగులుగా కడదామన్న నా కోరికను కూడా ఆయనే ఆపాడు. భవన నిర్మాణ నియమావళి అయిన ఇంటర్నేషనల్ బిల్డింగ్ కోడ్ ప్రకారం అది 2,000 చదరపు అడుగులకు లోపు, 20 అడుగుల ఎత్తుకు లోపు ఉంటేనే నివాస హ్యాంగర్ అనిపించుకుంటుంది. నేనడిగిన కొలతతో సరిగ్గా 2,000 వస్తుంది, అది లోపు కాదు. రెండడుగులు తగ్గించి 1,920 దగ్గర ఖాయం చేశాం.

ఈ సంస్థ ప్రతిభ చూడాలంటే ఇంటికీ హ్యాంగర్‌కూ మధ్య ఉన్న గోడను చూడాలి. విమాన పెట్రోలు ఆవిరి గాలికంటే బరువైనది. ట్యాంకు మూత దగ్గరో, డ్రెయిన్ వాల్వు దగ్గరో నాలుగు చుక్కలు కారినా ఆ ఆవిరి పైకి పోకుండా గచ్చు వెంట పాకుతూ పల్లం ఎటుంటే అటు పోతుంది. అందుకే ఆ గోడ కనీసం గంటసేపు మంటను ఆపగలగాలని, పునాది నుంచి పైకప్పు అడుగు వరకు ఎక్కడా తెగకుండా ఉండాలని, ఇంట్లోకి వెళ్లే తలుపు దానంతటదే మూసుకోవాలని, దాని కింద కాలని పదార్థంతో కనీసం 4 అంగుళాల గడప ఉండాలని అదే కోడ్ చెబుతోంది. మా గడప కాంక్రీటుతో పోసినది. మొదటి నెలలో దాన్ని తన్నుకోని రోజు లేదు, అయినా ఆ 4 అంగుళాల విషయంలో వాళ్లు ఒక్క దారం కూడా తగ్గలేదు. పడకగది నుంచి నేరుగా హ్యాంగర్‌లోకి తలుపు పెట్టమని అడిగితే నిద్రించే గదిలోకి అలాంటి దారి నిషిద్ధమని ఖరాఖండిగా చెప్పి, మధ్యలో బట్టలుతికే గదిని తెచ్చి పెట్టారు. ఇంటి మురుగు గొట్టాలనూ హ్యాంగర్ గొట్టాలనూ వేర్వేరుగా నడిపి, భవనం బయటికి వచ్చాకే కలిపారు. పొగ అలారాలను మాత్రం రెండు వైపులా కలిపి కట్టారు. హ్యాంగర్‌లో ఒకటి మోగితే వంటింట్లోదీ మోగుతుంది. హ్యాంగర్‌లో ప్లగ్గులన్నీ గచ్చుకు 18 అంగుళాల కంటే పైనే ఉన్నాయి. ఆవిరి పేరుకునేది ఆ ఎత్తు లోపేనన్న లెక్కతోనే అమెరికా నేషనల్ ఎలక్ట్రికల్ కోడ్ హ్యాంగర్ గచ్చు మీద 18 అంగుళాల వరకు ప్రమాదకర ప్రాంతంగా గుర్తిస్తుంది.

పునాది గురించి నాకున్న అపోహ కూడా వీళ్ల దగ్గరే తొలగింది. పునాది అంటే పై బరువును మోసేదనే అనుకునేవాణ్ని. మధ్యలో స్తంభాలు లేని తేలికపాటి ఉక్కు కప్పు కింద, 44 అడుగుల తలుపు తెరిచి ఉన్నప్పుడు ఈదురుగాలి లోపలికి దూరిందంటే, అది కప్పును లోపలి నుంచి పైకి నెడుతుంది, బయట వీచే గాలి పైనుంచి లాగుతుంది. కాబట్టి ఈ పునాది భవనాన్ని మోయడంతో పాటు ఎగిరిపోకుండా పట్టి ఉంచాలి. చట్రాన్ని పునాదికి బిగించే యాంకర్ బోల్టుల లోతును, స్తంభాల కింది కాంక్రీటు దిమ్మల బరువును ఆ లెక్కనే నిర్ణయించామని డ్రాయింగులతో సహా వివరించారు. గచ్చు వాలు తలుపు వైపుకు ఉంది, అక్కడ అడ్డంగా కాలువ ఉంది. కడిగిన నీళ్లు నిలవడం లేదు, చక్రాలకు చెక్కలు అడ్డం పెట్టడం మరచిపోయినా విమానం కదిలేంత వాలు కాదు. ఇక ఇంటి భాగంలో గదులు, కిటికీలు, రంగులు అన్నీ సంతృప్తికరంగానే ఉన్నాయి. వాటి గురించి ప్రత్యేకంగా చెప్పుకోవలసినది లేదు.

పేచీ అంతా తలుపు దగ్గర వచ్చింది. ఒకే పలకగా బయటికి లేచే హైడ్రాలిక్ తలుపు, నడుము దగ్గర మడతపడి పైకి వెళ్లే బైఫోల్డ్ తలుపు అని రెండు రకాలు మా ముందు పెట్టారు. మొదటిది తెరుచుకున్నప్పుడు ఎత్తు దాదాపు కోల్పోదు కానీ, దాని బరువంతా ముందుకు వేలాడుతూ చట్రం మీద పడుతుంది కాబట్టి ఉక్కును మరింత బలంగా వేయాలి. రెండవది చట్రానికి తేలిక కానీ, మడతపడిన తలుపు పైభాగంలోనే ఉండిపోయి దారి ఎత్తును కొంత తినేస్తుంది. ఈ తేడాను నాకు ఎవరూ చెప్పలేదు. ఒప్పందంలో "తలుపు ఎత్తు 12 అడుగులు" అని ఉంది, నేను బైఫోల్డ్ ఎంచుకున్నాను. బిగించాక తెరిచి టేపుతో కొలిస్తే కింద మిగిలింది పదిన్నర అడుగులు. 12 అడుగులు చట్రం కొలత అని సంస్థ, చట్రం ఎత్తు పెంచమని మమ్మల్ని ఎవరూ అడగలేదని తలుపు తయారీదారు, మధ్యలో నేను. మా విమానం ఎత్తు 8 అడుగుల 11 అంగుళాలే కనుక ఇవాళ్టికి ఇబ్బంది లేదు. రేపు తోక ఎత్తయిన విమానం కొనుక్కోవాలన్నా, ఇల్లు అమ్మాలన్నా ఈ అడుగున్నర అడ్డు వస్తుంది. ఈ తరహా ఇళ్లు కొత్తవి కదా అని ఒక ఉద్యోగి నన్ను సముదాయించబోయాడు. కాలిఫోర్నియాలోని ఫ్రెస్నోలో సియెర్రా స్కై పార్క్ అనే విమానాల ఇళ్ల కాలనీ 1946 నుంచే ఉందని, అనుభవం లేదనే సాకు ఇన్నేళ్ల తర్వాత చెల్లదని ఆయనకు చెప్పవలసి వచ్చింది. కట్టించుకోబోయేవారు ఒప్పందంలో తలుపు ఎత్తు అని కాకుండా, తలుపు పూర్తిగా తెరిచినప్పుడు కింద మిగిలే ఖాళీ ఎత్తు అని రాయించుకోవాలి.

రెండవ లోపం చలికాలం వచ్చాక గానీ బయటపడలేదు. ఒక తెల్లవారుజామున వెళ్లి చూస్తే, విమానం ముక్కు మీద, ఇంజిను మూత మీద నీటిచుక్కలు గీత గీసినట్టు ఒకే వరుసలో ఉన్నాయి. వాన పడలేదు. తలెత్తి చూస్తే కారణం తెలిసింది: రేకుల కింద అంతటా పరిచిన, వేడీ చలీ దాటకుండా ఆపే ఇన్సులేషన్ దుప్పటి, తలుపు పైదూలానికి మూడడుగుల ఇవతలే ఆగిపోయింది. నిర్మలమైన రాత్రి ఆకాశం కింద ఆ ఉత్త రేకు బాగా చల్లబడి, లోపలి గాలిలోని చెమ్మ దానికి పట్టి, చుక్కలుగా రాలుతోంది. ఆ మూడడుగులూ తలుపు వాళ్ల పని అని కప్పు వాళ్లు, కప్పు వాళ్ల పని అని తలుపు వాళ్లు వదిలేశారు. ఫిర్యాదు చేస్తే మనిషిని పంపారు, ఆయన రేకుల అతుకులకు సీలెంట్ పూసి వెళ్లాడు. చుక్కలు రేకులోంచి కారడం లేదని, రేకు మీదే పుడుతున్నాయని ఎంత చెప్పినా వినలేదు. రెండో చలికాలంలోనూ అదే వరుస. మిగిలిన దుప్పటి వేయిస్తామని రాతపూర్వకంగా ఒప్పుకున్నారు గానీ తేదీ ఇవ్వలేదు. ఈలోగా విమానాన్ని మూడడుగులు వెనక్కి జరిపి నిలుపుతున్నాను. ముక్కు చక్రం కోసం గచ్చు మీద వేసిన పసుపు గీతను గీకేసి, కొత్త చోట మళ్లీ గీశాను.