మూడంతస్తుల మట్టి కంపోస్టర్: పాలమూరు ఎండకు పనికొస్తుందా?

ఒకదాని మీద ఒకటి నిలబెట్టిన మూడు కుండలు, పైన మూత. పై రెండింటికీ అడుగు బదులు తాడు జాలీ, కింది దానికి మామూలు అడుగు. జాలీ మీద రెండు పొరల న్యూస్ పేపర్ పరిచి, వంటింటి చెత్త పై కుండలో వేస్తూ పోవాలి. నిండితే దాన్ని మధ్యకు దింపి, ఖాళీ కుండను పైకెక్కించాలి. అదీ నిండితే మధ్యదాన్ని కింది కుండలో గుమ్మరించాలి. నలుగురున్న ఇంట్లో ఒక్కో కుండ నిండడానికి నెల అటూఇటూ, చెత్త ఎరువు కావడానికి రెండున్నర మూడు నెలలు.

పెట్టెలో వచ్చే కాగితం అంతా తడి గురించే చెప్తుంది: వాసనొస్తే ఎండుటాకుల్లాంటి ఎండు సరుకు ఇంకా వేయండి అని. వానాకాలంలో అది సరైన మాటే. మార్చి నుంచి జూన్ దాకా మాత్రం మన దగ్గర గోస వేరే. కూజాలో నీళ్లు చల్లబడేది ఎట్లనో, ఈ కుండ గోడ కూడా అట్లనే లోపలి తడిని బయటికి లాగేస్తుంది. తొక్కలు మగ్గకుండా వరుగుల్లా ఎండిపోతాయి. వాసన లేదు, పురుగు లేదు, ఎరువైపోయిందని తీసి కుండీల్లో వేస్తారు. నీళ్లు పోయగానే అక్కడ కుళ్లడం మొదలైతది.

గుప్పెట్లోకి తీసుకుని గట్టిగా పిసకండి. వేళ్ల సందుల్లో ఒకటి రెండు చుక్కలు కనబడితే తడి సరిపోయినట్టు. కారితే ఎక్కువ, విప్పగానే రాలిపోతే తక్కువ. వానాకాలంలో ఒక వంతు తడి చెత్తకు రెండు వంతుల ఎండు సరుకు వేస్తే, ఎండాకాలంలో సగం సగం చాలు. కుండల చుట్టూ తడి గోనెసంచి కప్పి, పడమటి ఎండ తగలని గోడ పక్కన, ఇటుకల మీద పెట్టండి. బోరు నీళ్లు చల్లితే కుండ బయట తెల్లటి పొర కడుతుంది. అది బూజు కాదు, నీళ్లలోని ఉప్పే. గుడ్డతో తుడిస్తే పోతుంది.

సెట్టుతో అంటగట్టే కొబ్బరి పొట్టు, 'కల్చర్' పొడి (చెత్తను మగ్గబెట్టే సూక్ష్మజీవులుండే పొడి) మళ్లీ మళ్లీ కొనే అవసరం లేదు. కానుగ, వేప ఎండుటాకులు నలిపి వేయండి, ఇంతకంటే మంచి సరుకు లేదు. పల్లి పొట్టు కూడా మంచిదే, కానీ దంచి వేయాలి, లేకుంటే మూడు నెలలకూ అట్లనే ఉంటుంది. మిర్యాలగూడ దిక్కు మిల్లుల్లో దొరికే వడ్ల ఊకలో సిలికా ఎక్కువ, తొందరగా మగ్గదు. గుప్పెడు కలిపితే గాలి ఆడుతుంది, అంతే. కల్చర్ బదులు పాత ఎరువు రెండు గుప్పెళ్లు, లేదా పుల్ల మజ్జిగ నీళ్లు చాలు. బత్తాయి తొక్కలు సన్నగా తరిగి, కొద్దికొద్దిగా వేయాలి. పచ్చటి బూజు పడితే భయపడకండి. వండిన కూరలు, మాంసం వద్దు, పందికొక్కులు వస్తాయి.

పూర్తయిందా లేదా చూడాలంటే, పిడికెడు తడిపి పాలిథీన్ కవర్లో మూడు రోజులు మూతి కట్టి ఉంచండి. విప్పితే మట్టి వాసన రావాలి. పులిసిన వాసన వస్తే ఇంకా పచ్చిదే. అది వేస్తే నేలలోని నత్రజనిని అదే లాక్కుంటుంది, ఆకులు పసుపు రంగుకు తిరుగుతాయి.

ఎర్ర చెలక మట్టి రెండు పాళ్లు, జల్లెడ పట్టిన ఎరువు ఒక పాలు కలిపితే కుండీకి చాలు. ఉత్త చెలక మట్టిలో నీళ్లు నిలువవు, పైన పెచ్చు కడుతుంది. ఈ ఎరువుతో రెండూ తగ్గుతాయి. నేల మీద మడులకు మాత్రం ఇది ఏ మూలకూ రాదు. చదరపు మీటరుకు రెండంగుళాల మందం వేయాలంటే 50 లీటర్ల ఎరువు కావాలి, కుండలో వేసిందేమో మగ్గి మూడో వంతుకు దిగుతుంది. పెరట్లో జాగా ఉంటే చెట్టు నీడన గుంత తీసుకోండి, డబ్బులు మిగుల్తాయి. ఇది మిద్దె మీద, అపార్ట్‌మెంట్లో ఉండేవాళ్లకు.

ఐదుకు మూడున్నర మార్కులు. జనపనార జాలీ తడికి నాని తెగుతుంది, కొన్న రోజే విప్పేసి నైలాన్ తాడుతో అల్లుకోవడం మేలు. ఇంకో అర మార్కు ఎందుకు కోశామంటే, ఒక్క కుండ పగిలినా విడిగా అమ్మరు, సెట్టు మొత్తం కొనమంటారు.