గప్పీ పిల్లల వల పెట్టె: అనంతపురం బోరునీళ్లలో ఎలా ఉంటుంది?

గప్పీ పిల్లల్ని పెద్ద చేపల్లో కలిపే ముందు అలవాటు చేయడానికి అక్వేరియంలో వేలాడదీసే వల పెట్టె బాగానే పనికొస్తుంది. ప్లాస్టిక్ డబ్బాకంటే ఇదే మేలు. ట్యాంకు నీళ్లే వలలోంచి తిరుగుతుంటాయి కాబట్టి లోపల వేడి, మురికి నిలవవు.

అసలు లోపమంతా పెట్టెను అద్దానికి అంటించే రబ్బరు కప్పుల్లోనే. ఇక్కడి చాలా బోరునీళ్లకు అద్దం మీద తెల్లటి పొర కడుతుంది. దానిమీద కప్పులు నిలవవు. రాత్రి పెట్టె జారి పై అంచు మునిగిందా, పిల్లలన్నీ పెద్దవాటికి పలారమే! నీళ్లు నాలుగు వేళ్ల మేర తీసేసి, ఆ చోటును నిమ్మచెక్కతో రుద్ది, తడిగుడ్డతో తుడిచి అంటించండి. అంచు నీటికి 2 సెంటీమీటర్లు పైకుండాలి.

మిగిలిన మేతకు వల కన్నులు త్వరగా మూసుకుపోతాయి, గుడ్డు సొన వేస్తే మరీనూ. రెండ్రోజులకోసారి మెత్తటి బ్రష్షుతో రుద్దాల్సిందే.

పిల్లలు ఒకటిన్నర సెంటీమీటరు దాటి, పెద్ద చేపల నోట్లో పట్టనంత అయ్యాకే వదలండి. ముందు పెద్దవాటి కడుపు నింపి, లైటు ఆర్పి, నాచు గుబురు పక్కన పెట్టెను ఒరగేస్తే చాలు. ఫిల్టరు మూతికి స్పాంజి తొడగడం మరవొద్దు. ఏంజెల్ చేపలు పెరిగిన గప్పీలనూ మింగేయగలవు కాబట్టి, అవి ఉన్న ట్యాంకుకైతే ఈ పెట్టె కొనడమే దండగ.