ఫోటో బూత్‌లో సొంత బ్యాక్‌డ్రాప్‌లు: పదేళ్లకు పైగా వాడిన అనుభవం

2008 నాటి తెల్ల మ్యాక్‌బుక్ (ఆపిల్ ల్యాప్‌టాప్) ఒకటి మా ఇంట్లో ఇప్పటికీ పనిచేస్తోంది. పండగలకూ పుట్టినరోజులకూ ఇంటిల్లిపాదినీ దాని ముందు కూర్చోబెట్టి, దాంతో పాటే వచ్చిన కెమెరా యాప్ ఫోటో బూత్‌లో ఫోటోలు తీయడం తప్ప దానికి వేరే పని లేదు. ఇంటినిండా కొత్త ఫోన్లున్నా దీన్ని వదలలేకపోవడానికి కారణం ఎఫెక్టుల చివరి పేజీలో ఉండే ఖాళీ గడులు. మనం తీసిన ఫోటోనో వీడియోనో లాక్కొచ్చి ఆ గడిలో వదిలితే అదే మన వెనక బ్యాక్‌డ్రాప్ అవుతుంది. 2007లో మ్యాక్ ఆపరేటింగ్ సిస్టమ్ లెపర్డ్‌తో పాటు ఈ సదుపాయం వచ్చినప్పుడు ఈఫిల్ టవర్, చేపలు, రోలర్ కోస్టర్ వంటివి ముందే ఇచ్చారు కానీ, పిల్లలకు వాటి మోజు రెండు రోజుల్లో తీరిపోయింది. మా నాయనమ్మ పుట్టి పెరిగిన రాజమండ్రి గోదావరి గట్టును ఆ గడిలో పెట్టాక మాత్రం ఆమే వచ్చి కుర్చీలో కూర్చుని, కొంగు సర్దుకుని, ఎప్పుడు తీస్తావని అడగడం మొదలుపెట్టింది.

ఆ గట్టు ఫోటో మొదటిసారికే కుదరలేదు. పడవ మీద నిలబడి కిందికి చూస్తూ తీసిన ఫోటో పెడితే, ముందు కూర్చున్నవాళ్లు పీకలదాకా నీళ్లలో మునిగినట్టు కనిపించారు. ల్యాప్‌టాప్ కెమెరా కూర్చున్న మనిషి ముఖానికి ఎదురుగా ఉంటుంది కనుక, బ్యాక్‌డ్రాప్‌ను కూడా అదే ఎత్తు నుంచి తీయాలి. మరుసటి ప్రయాణంలో పుష్కర ఘాట్ మెట్ల మీద కూర్చుని, రైలు వంతెన కమానులు ఫోటోలో పైభాగానికి వచ్చేలా, మధ్యలో నీళ్లు తప్ప మరేమీ లేకుండా తీశాను. మా కెమెరా ఇచ్చేది 640×480 పిక్సెళ్ల బొమ్మే కనుక దాన్ని 4:3 కొలతకు కత్తిరించాను. ఇంట్లో కిటికీ ఎడమవైపు ఉంటుంది కాబట్టి ఎండ కూడా ఎడమ నుంచి పడే పొద్దుటిపూట ఎంచుకున్నాను. వీటిలో ఏది తప్పినా మనిషిని కత్తిరించి అతికించినట్టు ఇట్టే తెలిసిపోతుంది.

ఏ గోడ ముందైనా పనిచేస్తుందని తొలి రోజుల్లో నేనే నలుగురికీ చెప్పాను. ఆ మాటను ఇప్పుడు సవరించుకోవాలి. బ్యాక్‌డ్రాప్ ఎంచుకోగానే ఫోటో బూత్ మనల్ని పక్కకు తప్పుకోమంటుంది. ఖాళీ గోడను గుర్తుపెట్టుకుని, మనం తిరిగి వచ్చాక దానికి తేడాగా కనిపించిన మేరకే మనిషి అనుకుని, మిగతా చోటంతా బ్యాక్‌డ్రాప్‌తో నింపుతుంది. ఒక సంక్రాంతికి తెల్ల సున్నం గోడ ముందు నాయనమ్మను కూర్చోబెట్టాం. ఆమె తల ముగ్గుబుట్ట. గోడ తెలుపూ జుట్టు తెలుపూ ఒకటై, నుదుటి పైభాగమంతా మాయమై, అక్కడ గోదావరి నీళ్లు కనిపించాయి. "ఇదేంట్రా, నా తల గోదాట్లో కలిసిపోయింది" అందావిడ. ఎనభై దాటిన మనిషి నోట పండగపూట ఆ మాట రావడంతో అమ్మ ముఖం మారిపోయింది. నేను వెంటనే ఆ ఫోటో తీసేశాను.

ఆ సాయంత్రమే బీరువాలోంచి ముదురు మెరూన్ దుప్పటి తీసి, ముడతలు లేకుండా గోడకు మేకులు కొట్టి కట్టాను. ల్యాప్‌టాప్‌ను కదిలే టీపాయ్ మీంచి తీసి కుట్టుమిషన్ బల్ల మీద పెట్టాను, ఎందుకంటే కెమెరా అర అంగుళం జరిగినా అది గుర్తుపెట్టుకున్న గోడ వేరు, ఎదురుగా ఉన్న గోడ వేరు. ఫ్యాన్ నీడ గోడ మీద తిరిగినా, మబ్బు పట్టి వెలుతురు మారినా అంతే; మళ్లీ అందరూ లేచి పక్కకు వెళ్లాలి. క్లిక్ చేసేటప్పుడు తెర తెల్లగా మెరవకుండా షిఫ్ట్ మీట నొక్కి పట్టుకోవడం కూడా అలవాటు చేసుకున్నాను. ఆ తర్వాత తీసిన ఫోటోలో నాయనమ్మ ముడి మీద పెట్టుకున్న చామంతి రేకులతో సహా చక్కగా నిలిచింది. ఆ ఏడాదే మెరూన్ పట్టుచీర కట్టుకొచ్చిన అత్తయ్యకు మాత్రం దుప్పటి మార్చాల్సి వచ్చింది.

వీడియో బ్యాక్‌డ్రాప్ గురించి కూడా ఎక్కువే పొగిడాను. తెర మీద నీళ్లు కదులుతుంటే ముచ్చటేస్తుంది కానీ, ఫోటోలోకి వచ్చేది అందులో ఒక్క క్షణమే. వరసగా నాలుగు ఫోటోలు తీసే పద్ధతిలోనే దానికి కొంత అర్థం ఉంది: నాలుగింటిలోనూ అల వేర్వేరు చోట ఉంటుంది.

సొంత ఎఫెక్టు ఒకటే చేశాను. ఇలాంటి ఎఫెక్టులు తయారుచేసుకునే ఆపిల్ ప్రోగ్రాం క్వార్ట్జ్ కంపోజర్‌లో ఇమేజ్ ఫిల్టర్ నమూనా తెరిచి, కెమెరా బొమ్మకూ ఫలితానికీ మధ్య సెపియా టోన్ (పాత ఫోటోల గోధుమరంగు ఛాయ) పెట్టి తీగలతో కలిపి, గాఢతను 0.4కు తగ్గించి, మ్యాక్‌లో నా హోమ్ ఫోల్డర్‌లోని లైబ్రరీలో, కంపోజిషన్స్ అనే ఫోల్డర్‌లో దాచాను. ఫోటో బూత్ మూసి తెరవగానే మిగతా ఎఫెక్టుల పక్కన అదీ కనిపించింది. తయారుగా వచ్చే సెపియా కంటే ఇది ముఖాలకు మెత్తగా ఉంటుంది. అయితే ఎఫెక్టూ బ్యాక్‌డ్రాపూ ఒకే పలక నుంచి ఎంచుకోవాల్సినవి కనుక గోదావరి మీద సెపియా పడదు. పైగా క్వార్ట్జ్ కంపోజర్‌కు 2019లో వచ్చిన మ్యాక్ ఆపరేటింగ్ సిస్టమ్ కాటలీనాతో కాలం చెల్లిందని ప్రకటించారు కాబట్టి, కొత్తగా ఆ విద్య నేర్చుకోమని ఎవరికీ చెప్పను.

ఖాళీ గోడ చూపించకుండానే మనిషిని గుర్తుపట్టే యాప్‌లు ఇప్పుడు చాలానే ఉన్నాయి. తరచూ ఇళ్లు మారేవాళ్లకూ, గోడకు మేకు కొట్టనివ్వని అద్దె ఇళ్లవాళ్లకూ అవే మేలు. మాకు సొంత గోడ ఉంది, దుప్పటి ఉంది, పండక్కి అరగంట ముందు కూర్చునే ఓపికా ఉంది. ఈ మ్యాక్‌బుక్ తెరుచుకున్నన్నాళ్లూ మేము దీంతోనే తీస్తాం.