ఫ్యాటీ లివర్: అల్ట్రాసౌండా, ఫిబ్-4 లెక్కా, ఫైబ్రోస్కానా, ఏది మేలు?

అమలాపురంలోనో భీమవరంలోనో కడుపు స్కానింగ్ తీయించుకుని, రిపోర్టులో ‘గ్రేడ్-2 ఫ్యాటీ లివర్’ అని చూడగానే చాలామంది బెంబేలెత్తిపోతారు. గ్రేడ్-1 అయితే హమ్మయ్య అనుకుంటారు. ఆ గ్రేడ్ చెప్పేది కొవ్వు సంగతే. ప్రాణం మీదికి తెచ్చేది కాలేయం గట్టిపడటం, అంటే ఫైబ్రోసిస్. అది బాగా ముదిరితే తప్ప మామూలు అల్ట్రాసౌండ్‌లో కనబడదు. పిత్తాశయంలో రాళ్లు, గడ్డలు, పొట్టలో నీరు చూడటానికి మాత్రం అదే కావాలి.

అందుకే ముందు ఫిబ్-4 లెక్క, అంటే ఫైబ్రోసిస్ ముదిరి ఉండే అవకాశాన్ని అంచనా వేసే లెక్క, వేయించండి. పాత రక్తపరీక్షలే చాలు. 52 ఏళ్ల మనిషికి ఎస్‌జీఓటీ 48, ఎస్‌జీపీటీ 64 (రెండూ కాలేయ ఎంజైములు), ప్లేట్‌లెట్లు లక్షా 80 వేలు అనుకుందాం. వయసుని ఎస్‌జీఓటీతో గుణిస్తే 2496. ఎస్‌జీపీటీ వర్గమూలం 8. దాన్ని ప్లేట్‌లెట్ల సంఖ్యతో, అంటే వేలల్లో 180తో, గుణిస్తే 1440. మొదటిదాన్ని రెండోదానితో భాగిస్తే 1.73. ఇది 1.3 లోపుంటే, 65 దాటినవాళ్లకి 2 లోపుంటే, ఫైబ్రోసిస్ ముదిరి ఉండే అవకాశం తక్కువ. 2.67 దాటితే నేరుగా కాలేయ నిపుణుడి దగ్గరికి వెళ్లాలి. మధ్యలో పడ్డ ఈ 1.73 లాంటివాళ్లకే ఫైబ్రోస్కాన్, అంటే కాలేయం ఎంత గట్టిపడిందో కొలిచే స్కాన్.

వానాకాలం డెల్టాలో డెంగీ వచ్చినప్పుడు ఈ లెక్క బెడిసికొడుతుంది. ప్లేట్‌లెట్లు పడిపోతాయి, ఎస్‌జీఓటీ పెరుగుతుంది, ఫిబ్-4 లేనిపోని భయం పెడుతుంది. అవి మామూలుకొచ్చాకే వేయించండి. జ్వరమేమీ లేకుండా ప్లేట్‌లెట్లు తక్కువొస్తే, ట్యూబులో గుంపుకట్టాయేమో స్మియర్ (గాజుపలక మీద పరిచిన రక్తం) మైక్రోస్కోపులో చూడమనండి. 35 ఏళ్ల లోపువాళ్లకి ఈ లెక్కని నమ్ముకోలేం.

ఫైబ్రోస్కాన్‌కి 3 గంటల ముందు నుంచి ఏమీ తినకూడదు. ఇడ్లీ తిని వెళితే కాలేయానికి రక్తం ఎక్కువ చేరి, ఉన్నదానికన్నా గట్టిగా చూపిస్తుంది. వెల్లకిలా పడుకుని కుడిచెయ్యి తలవెనక్కి పెట్టుకుంటే పక్కటెముకల సందు తెరుచుకుంటుంది. అక్కడ ప్రోబ్ ఆనించి కనీసం 10 సరైన కొలతలు తీయాలి. రిపోర్టులో ఐక్యూఆర్ (కొలతల మధ్య తేడా) విలువ మీడియన్‌లో (మధ్య కొలతలో) 30 శాతం మించితే ఆ కొలతలు ఒకదానికొకటి పొసగలేదన్నమాట, మళ్లీ తీయించాలి. లావుగా ఉన్నవాళ్లు ఎక్స్‌ఎల్ ప్రోబ్ ఉందా అని ముందే అడగాలి. కాలేయం గట్టిదనం 8 కిలోపాస్కల్స్ (దాన్ని కొలిచే యూనిట్) లోపైతే ముదిరిన దశ కానట్టే. పొట్టలో నీరు చేరినవాళ్లకి ఈ పరీక్ష పనికిరాదు.

ఏ దశో తేలితేనే మందు. అమెరికా ఎఫ్‌డీఏ 2024లో రెస్మెటిరోమ్ అనే మందుని, 2025లో సెమాగ్లుటైడ్ అనే మందుని అనుమతించింది మధ్యస్థ, ముదిరిన ఫైబ్రోసిస్‌కే, సిర్రోసిస్‌కి (కాలేయమంతా మచ్చలుకట్టిన చివరి దశకి) కాదు. బరువు తగ్గడం మాత్రం ఏ దశలోనైనా డాక్టరుతో మాట్లాడాల్సిందే: 80 కిలోల మనిషి 6 నుంచి 8 కిలోలు తగ్గితే కాలేయంలో వాపు దిగుతుంది. ఫిబ్-4 తక్కువొచ్చిన షుగర్ పేషెంట్లు ఏడాది, రెండేళ్లకోసారి మళ్లీ లెక్క వేయించుకోవాలి.