సింక్ కొంటే ఫిట్టింగ్ ఫ్రీ అన్నారా? గ్రానైట్‌కి హోల్ దేనితో వేస్తారో ముందే అడగండి

కిచెన్ రిపేర్లు పెట్టుకున్నవాళ్ళు ఇది చదివాకే షాపుకి వెళ్ళండి. సింకూ ట్యాపూ మా దగ్గరే తీసుకోండి, ఫిట్టింగ్ ఫ్రీ అంటారు. ఆ ఫ్రీలో రాయికి హోల్ వేయడం ఉందా, వేసేటప్పుడు రాయి పగిలితే ఎవరిది బాధ్యత, ఈ రెండూ బిల్లు మీద రాయించుకోకుండా డబ్బు కట్టకండి.

మా పాత ట్యాప్ గోడకి ఉండేది. ఈసారి గట్టు మీద నిలబడే మిక్సర్ ట్యాప్ (వేడినీళ్ళు, చన్నీళ్ళు ఒకే ట్యాప్‌లో వచ్చేది) తీసుకున్నాం, దానికి సింక్ వెనక నల్ల గ్రానైట్‌లో 35 మిల్లీమీటర్ల హోల్ కావాలి. షాపులో ఇదంతా చెప్పే కొన్నాం, "మా కుర్రాళ్ళు చూసుకుంటారండి" అన్నారు.

వచ్చిన కుర్రాడి సంచిలో గోడలకి వాడే హామర్ డ్రిల్, ఒక సుత్తి, ఉలి తప్ప ఇంకేం లేవు. రాయిని గుండ్రంగా కోసే గొట్టంలాంటి కోర్ బిట్ ఏది బాబూ అంటే "రోజూ ఇలాగే వేస్తాం సార్" అని పెన్సిల్‌తో గుండ్రంగా గీసి, గీత వెంబడి చిన్న చిన్న కన్నాలు పొడిచి, మధ్యలో ముక్కని సుత్తితో కొట్టాడు. టప్‌మని చప్పుడొచ్చింది. హోల్ అంచు నుంచి సింక్ మూల దాకా వెంట్రుకంత గీత! తడిగుడ్డతో తుడిచేసి, అది రాయిలో ఉన్న చారేనండి అన్నాడు. కాసేపటికి రాయంతా ఆరింది, ఆ గీత మాత్రం నీళ్ళు పీల్చుకుని అలాగే తడిగా ఉంది. చారలు నీళ్ళు తాగవు కదా! కింద టార్చి వేసి చూస్తే హోల్ చుట్టూ పెచ్చులు లేచిపోయి వాషర్ సరిగ్గా కూర్చోవట్లేదు, ట్యాప్ పట్టుకుంటే ఊగుతోంది.

షాపుకి ఫోన్ చేస్తే "ట్యాప్ బిగించడం వరకే మాది, రాయి మాది కాదు" అన్నారు. కన్స్యూమర్ హెల్ప్‌లైన్ 1915కి కంప్లైంట్ ఇచ్చాం, చూడాలి.

సింక్ కటింగ్‌కీ గోడకీ మధ్య మిగిలే సన్నటి పట్టీయే గట్టు మొత్తంలో బలం తక్కువున్న చోటు. అక్కడ సుత్తి దెబ్బ పడకూడదు, డ్రిల్‌లో హామర్ ఆఫ్ చేయాలి. డైమండ్ కోర్ బిట్‌తో తక్కువ స్పీడులో, నీళ్ళు పోస్తూ నెమ్మదిగా కోయాలి, చివర్లో అసలు నొక్కకూడదు. గ్రానైట్ కటింగ్ వాళ్ళ దగ్గర ఈ బిట్ ఉంటుంది, విడిగా డబ్బు తీసుకున్నా వాళ్ళనే పిలవండి. కొత్త ఇల్లయితే రాయి పరవకముందే హోల్ వేయించేయండి. మార్కింగ్ పెట్టేముందు ట్యాప్‌ని అక్కడ నిలబెట్టి హ్యాండిల్ వెనక్కి తిప్పి చూడండి, కొన్ని మోడళ్ళకి టైల్ తగులుతుంది. హోల్ ముందే ఉన్న స్టీల్ సింక్ దొరికితే రాయి జోలికే పోనక్కర్లేదు.

కొంత బ్యాలెన్స్ ఆపి ఉంచండి, పని అయ్యాక పైన ఆరనిచ్చి, కింద టార్చి వేసి చూసుకుని అప్పుడివ్వండి.